అల్ట్రాసోనిక్ ట్యాంకులో బుడగ చేసే పనెంత, మిగతా పనెవరిది?

డీజిల్ కామన్ రైల్ ఇంజెక్టర్ కొసన నాజిల్ అనే చిన్న ఉక్కు భాగం ఉంటుంది. దాని మొనకు ఐదు నుంచి ఎనిమిది రంధ్రాలు. ఒక్కో రంధ్రం వ్యాసం 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. లోపల పైకీ కిందికీ జారే నీడిల్‌కూ నాజిల్ బాడీకీ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనిషి తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఆ సందు ఎంత ఇరుకో ఊహించుకోవచ్చు. గ్రైండింగ్ రాయి నుంచి రాలిన గట్టి రేణువు ఒక్కటి అందులో ఇరుక్కుంటే నీడిల్ పూర్తిగా మూసుకోదు. ఇంధనం బొట్లుగా కారుతుంది, సైలెన్సర్ నల్లగా పొగ కక్కుతుంది. రేణువు రంధ్రానికి అడ్డం పడితే ఒక వైపు పిచికారీ తగ్గి, దహనం గాడి తప్పుతుంది.

ఇంత సున్నితమైన భాగం డ్రిల్లింగ్, హీట్ ట్రీట్‌మెంట్, గ్రైండింగ్, ల్యాపింగ్ (సన్నని పేస్టుతో రుద్ది నునుపు చేయడం) దాటుకొని వచ్చేసరికి నూనె, ఉక్కు రజను, ల్యాపింగ్ పేస్టు పూసుకొని ఉంటుంది. ఆ రంధ్రాల్లోకి బ్రష్ పోదు. గుడ్డతో తుడిస్తే గుడ్డ నూలే కొత్త మురికి. అందుకే ఇలాంటి భాగాలను, చెవికి అందని శబ్దంతో ద్రవాన్ని కంపింపజేసి కడిగే అల్ట్రాసోనిక్ ట్యాంకుకు పంపుతారు. వ్యాక్సిన్ సీసాలు కడిగే యంత్రాల్లోనూ, దంత వైద్యుల దగ్గరా, నగల దుకాణం కౌంటర్ మీదా ఉండేది ఇదే పద్ధతి. పరిమాణమే వేరు.

అయితే ట్యాంకులో వేసి స్విచ్ నొక్కితే చాలు, కంపనమే అన్నీ చూసుకుంటుందన్న నమ్మకం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. శుభ్రం చేయడమంటే మూడు పనులు. ద్రవం మురికిని తడపాలి. తడిసిన మురికి ఊడాలి. ఊడింది మళ్లీ అంటుకోకుండా బయటికి పోవాలి. కంపనం చేసేది ఈ మూడింటిలో మధ్య పని ఒక్కటే. మిషన్ పని చేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం మొదటి పనిలోనో మూడో పనిలోనో దొరుకుతుంది. అక్కడ వెతకకుండా వాట్లు పెంచుకుంటూ పోతే చివరికి పాడయ్యేది భాగమే.

బుడగ ఎలా కూలుతుంది

ట్యాంకు అడుగున, బయటి వైపు అతికించి ఉండే ట్రాన్స్‌డ్యూసర్లు జనరేటర్ అనే విద్యుత్ పరికరం పంపే విద్యుత్తుకు లయగా సాగి ముడుచుకుంటాయి. 40 కిలోహెర్ట్జ్ యంత్రంలో ఇది సెకనుకు 40,000 సార్లు జరుగుతుంది. అంటే ఒక్కో చక్రానికి 25 మైక్రోసెకన్లు. అందులో సగం సేపు అడుగు రేకు నీటిని నెడుతుంది, సగం సేపు లాగుతుంది. లాగినప్పుడు పీడనం పడిపోయి, నీటిలో అప్పటికే ఉన్న సూక్ష్మమైన వాయు కేంద్రాల దగ్గర బుడగలు పుట్టి పెరుగుతాయి. నెట్టే దశలో అవి ఒక్కసారిగా కూలిపోతాయి. దీన్నే కావిటేషన్ అంటారు.

ద్రవంలో ఖాళీ గోళం కూలితే ఏమవుతుందో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1917లో లెక్కగట్టాడు. ఓడల ప్రొపెల్లర్ రెక్కలు గుంతలు పడి తినుకుపోవడం అప్పట్లో నౌకాదళాలకు పెద్ద తలనొప్పి. ఆ లెక్క ప్రకారం 80 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న బుడగ వాతావరణ పీడనం కింద కూలడానికి పట్టే సమయం సుమారు 7 మైక్రోసెకన్లు. అంత తక్కువ వ్యవధిలో లోపలి ఆవిరి నలిగి, సూదిమొనంత చోట ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు, పీడనం వందల వాతావరణాలకు చేరుతుంది. చుట్టూ ఉన్న నీరు ఆ వేడిని మరుక్షణంలో మింగేస్తుంది కాబట్టి ట్యాంకు ఉడికిపోదు. ఇక మన ట్యాంకుల అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్ కూడా ఆ మొదటి ప్రపంచ యుద్ధకాలపు బిడ్డే. జలాంతర్గాములను పసిగట్టడానికి ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్‌ను ఉక్కు పలకల మధ్య పెట్టి చేసిన అమరికే ఇప్పుడు క్వార్ట్జ్ బదులు, విద్యుత్తుకు సాగి ముడుచుకునే పీజెడ్‌టీ అనే సిరామిక్ వలయాలతో, మధ్యలో బోల్టుతో వస్తోంది. నౌకాదళానికి రెక్కలు పాడుచేసిన శక్తే ఇక్కడ మురికి ఊడదీస్తోంది. ఈ సంగతి మరిచిపోకూడదు, ఎందుకంటే అది లోహాన్ని తినడం ఇప్పటికీ మానలేదు.

బుడగ గోడ పక్కన కూలినప్పుడు అన్ని వైపుల నుంచీ సమానంగా నలగదు. గోడకు దూరంగా ఉన్న వైపు ముందు లోపలికి చొచ్చుకువచ్చి, సెకనుకు వంద మీటర్ల స్థాయి వేగంతో సన్నని నీటి ధారగా గోడను కొడుతుంది. పైపుతో నీళ్లు కొట్టడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పారే నీరు ఎంత వేగంగా పోయినా గోడను ఆనుకున్న పలుచని పొర దాదాపు కదలదు. ఆ పొర కన్నా చిన్న రేణువులు దాని నీడలో హాయిగా కూర్చుంటాయి. నీటిలో 40 కిలోహెర్ట్జ్ కంపనానికి ఈ నిశ్చల పొర మందం 2.8 మైక్రాన్లకు దిగుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అర మైక్రాను చిల్లర. కంపన వేగం, అంటే ఫ్రీక్వెన్సీ, పెరిగేకొద్దీ ఇంకా చిన్న రేణువులు దెబ్బకు అందుతాయి.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు

ఫ్రీక్వెన్సీ ఎంపికకు పనికొచ్చే లెక్క ఒకటుంది. నీటిలో బుడగ తన సహజ లయకు స్పందించే వ్యాసార్ధాన్ని మీటర్లలో, ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లో తీసుకొని గుణిస్తే సుమారు 3.3 వస్తుంది. ఆ లెక్కన 25 కిలోహెర్ట్జ్ దగ్గర వ్యాసార్ధం 130 మైక్రాన్లు, 40 దగ్గర 80, 80 దగ్గర 40, 132 దగ్గర 25, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 3 మైక్రాన్లు. నిజమైన ట్యాంకులో అన్ని పరిమాణాల బుడగలూ ఉంటాయి గానీ దారి చూపడానికి ఈ అంకెలు చాలు. బుడగ శక్తి దాని ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి 25 నుంచి 80 కిలోహెర్ట్జ్‌కు మారితే ఒక్కో బుడగ దెబ్బ దాదాపు ముప్ఫయ్యో వంతుకు తగ్గుతుంది. బదులుగా బుడగల సంఖ్య బాగా పెరుగుతుంది.

అందుకే పోత ఇనుప ఇంజిన్ భాగాల మీది మడ్డికి 25 లేదా 28, మామూలు యంత్ర భాగాలకు 40, పాలిష్ చేసిన అల్యూమినియం, ఆప్టికల్ అద్దాలు, సన్నని రేకు భాగాలకు 80 నుంచి 132 వాడతారు. చిప్‌లు తయారయ్యే సెమీకండక్టర్ వేఫర్లకు మెగాసోనిక్, అంటే మెగాహెర్ట్జ్ స్థాయి కంపనం, ఉంది. అక్కడ కూలే బుడగ దెబ్బ కన్నా శబ్దం వల్ల పుట్టే సన్నని ప్రవాహానిదే పెద్ద పాత్ర. అది టార్చిలైటులాగా ఎదురుగా ఉన్నదాన్నే శుభ్రం చేస్తుంది, మూలలకు పోదు.

ఇప్పుడు మన నాజిల్‌కు వద్దాం. రంధ్రం వ్యాసం 150 మైక్రాన్లు. 40 కిలోహెర్ట్జ్ బుడగ వ్యాసం 160 మైక్రాన్లు. అంటే ఆ బుడగ నిండుగా పెరగడానికి రంధ్రంలో చోటే లేదు! బయటి ముఖం మీద, లోపలి పెద్ద గదిలో 40 కిలోహెర్ట్జ్ చక్కగా పని చేసినా, అసలు భయమున్న రంధ్రాల్లో దాని ప్రభావం బలహీనమే. మొదటి కడుగు 40లో కానిచ్చి, తర్వాతిది 80 లేదా 132లో పెట్టడం, ఆపైన రంధ్రం గుండా వడగట్టిన ద్రవాన్ని ఒత్తిడితో నడిపించడం ఇందుకే. ఊడదీసేది బుడగ, బయటికి మోసుకుపోయేది ప్రవాహం. ఒకటి చేసే పని రెండోదానితో కాదు.

తడపడం: గాలి, వేడి, సబ్బు

కొత్తగా నింపిన నీటిలో కరిగిన గాలి చాలా ఉంటుంది. యంత్రం ఆన్ చేయగానే కంటికి కనిపించే బుడగలు పైకి తేలుతాయి. చూడడానికి బలంగా పని చేస్తున్నట్టుంటుంది గానీ అవి గాలి బుడగలు, కూలవు. ఆవిరి బుడగలోకి గాలి చేరితే లోపల మెత్తటి దిండు పెట్టినట్టే, కూలే దెబ్బ చప్పబడుతుంది. అందుకే భాగాలు వేయకముందే డీగ్యాసింగ్, అంటే కరిగిన గాలిని వెళ్లగొట్టడం, చేయాలి. 3 లీటర్ల చిన్న ట్యాంకుకు 5 నుంచి 10 నిమిషాలు, 40 లీటర్లదానికి 15 నుంచి 30 నిమిషాలు ఖాళీగా నడపాలి. నీరు వేడెక్కాక చేస్తే గాలి త్వరగా పోతుంది. పని పూర్తయిందో లేదో చెవికి తెలుస్తుంది. మొదట మొద్దుగా ఉన్న చప్పుడు క్రమంగా సన్నని, పదునైన బుసలా మారుతుంది, పైకి తేలే బుడగలు తగ్గిపోతాయి.

వేడి విషయంలో ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. వేడికి నూనె పలచబడుతుంది, సబ్బు చురుగ్గా పని చేస్తుంది, అంతవరకూ నిజమే. కానీ నీటి ఆవిరి పీడనం 25 డిగ్రీల దగ్గర 32 మిల్లీబార్లు, 60 దగ్గర 200, 80 దగ్గర 470 దాటుతుంది. ఆవిరి పీడనం పెరిగేకొద్దీ బుడగ లోపల ఎదురు నెట్టే ఆవిరి పెరిగి, కూలే దెబ్బ మెత్తబడుతుంది. నీటి ఆధారిత ద్రావణాలకు 50 నుంచి 65 డిగ్రీలు సరైన మధ్యస్థం. శస్త్రచికిత్స పరికరాలకు మాత్రం వేరే నియమం ఉంది. రక్తంలోని ప్రోటీన్ వేడికి గడ్డకట్టి లోహాన్ని పట్టుకుంటుంది కాబట్టి 40 డిగ్రీలు దాటనివ్వరు.

శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు లాంటి సర్ఫెక్టెంట్ కలిపితే 30 దగ్గరికి దిగుతుంది, అప్పుడే ద్రవం ఇరుకు సందుల్లోకి పాకుతుంది. నాజిల్ లాంటి ఉక్కు భాగాలకు పీహెచ్ 10 నుంచి 11 ఉన్న క్షార డిటర్జెంటును 3 నుంచి 5 శాతం కలిపి వాడతారు. అదే ద్రావణంలో అల్యూమినియం వేస్తే నిమిషాల్లో నల్లబారుతుంది. జింక్ పరిస్థితీ అంతే. వాటికి తటస్థ పీహెచ్ ద్రావణం, లేదా సిలికేట్ రక్షణ కలిపిన రకం కావాలి. ఇత్తడిని మెరిపించే అమోనియా ద్రావణాలు ఒత్తిడిలో ఉన్న ఇత్తడి భాగాలకు పగుళ్లు తెస్తాయి. బ్లీచింగ్ లాంటి క్లోరిన్ ద్రావణం స్టెయిన్‌లెస్ ట్యాంకుకే చిల్లులు పెడుతుంది. వేర్వేరు లోహాలను ఒకే బాస్కెట్‌లో కలపడం కూడా మంచిది కాదు, ఉప్పు నీటిలో బ్యాటరీ తయారు చేసినట్టే అవుతుంది.

పెట్రోలు, థిన్నర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వంటివి మామూలు ట్యాంకులో నేరుగా ఎప్పుడూ పోయకూడదు. కంపనం వాటిని వేడెక్కిస్తుంది, సన్నని ఆవిరిగా లేపుతుంది, పక్కనే హీటర్, విద్యుత్తు. నిప్పంటుకోవడానికి ఇంకేం కావాలి? మంటలకు తట్టుకునేలా కట్టిన ప్రత్యేక యంత్రాలు ఉంటాయి, ఆ పని వాటిదే. ఒకప్పుడు ఈ చర్చే ఉండేది కాదు. మండని, లోహాన్ని ముట్టని సీఎఫ్‌సీ-113 ద్రావణి సున్నిత భాగాలన్నిటికీ దిక్కుగా ఉండేది. ఓజోన్ పొర కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం దాన్ని తప్పించాక, నీళ్లూ డిటర్జెంటూ కంపనమూ కలిసిన పద్ధతి దాని స్థానంలో పెద్ద వాటా ఆక్రమించింది. నీటితో కడగడంలో ఉన్న తలనొప్పులన్నీ, ముఖ్యంగా కడిగాక ఆరబెట్టడం, అలా మన వాటాకు వచ్చాయి.

తడపడంలో ఎక్కువ మంది చూసుకోనిది ఒక వైపు మూసుకున్న రంధ్రం. నోరు కిందికి పెట్టి ముంచితే గ్లాసు బోర్లించి నీటిలో ముంచినట్టే, లోపల గాలి అలాగే ఉంటుంది. నీటి నుంచి గాలిలోకి శబ్దం దాదాపు పోదు, 99.9 శాతం వెనక్కి తిరుగుతుంది. ఆ రంధ్రంలో ఎన్ని గంటలు కంపించినా మురికి కదలదు. నోరు పైకి పెట్టినా మిల్లీమీటరు కన్నా సన్నని రంధ్రాల్లో గాలి తనంతట బయటికి రాదు. భాగాలను ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా ముంచడం, బాస్కెట్‌ను తిప్పడం, అప్పటికీ కాకపోతే మూతపెట్టిన ట్యాంకులో వాక్యూమ్ లాగి వదలడం దారులు. వాక్యూమ్ లాగినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి బయటపడుతుంది, వదిలినప్పుడు ద్రవం ఆ ఖాళీలోకి దూసుకుపోతుంది. నాలుగైదు సార్లు ఇలా చేస్తే లోతైన రంధ్రం కూడా తడుస్తుంది.

ఇంకో చిన్న విషయం, కానీ లైను మొత్తాన్ని ఆపగలిగేది. గ్రైండింగ్‌లో అయస్కాంతంతో భాగాన్ని పట్టి ఉంచే మాగ్నెటిక్ చక్ మీద కూర్చున్న ఉక్కు భాగంలో అయస్కాంతత్వం మిగిలిపోతుంది. ఆ భాగం తన రజనును తానే పట్టుకుంటుంది, కడిగిన ట్యాంకులో తేలే రజనును కూడా లాక్కుంటుంది. కడగకముందే డీమాగ్నెటైజర్ గుండా పంపి, గాస్ మీటరుతో చూసి 2–3 గాస్‌లకు దించాలి. ఇది చేయకుండా సబ్బు బ్రాండ్లు మార్చుకుంటూ నెలలు గడిపేవాళ్లు ఉన్నారు.

బాస్కెట్‌లో ఎలా పెట్టాలి

40 కిలోహెర్ట్జ్ శబ్దానికి నీటిలో తరంగదైర్ఘ్యం 37 మిల్లీమీటర్లు. అడుగు నుంచి లేచిన అల పైమట్టానికి తగిలి తిరిగివచ్చి, ప్రతి 18.5 మిల్లీమీటర్లకు ఒక బలమైన పొర, మధ్యలో ఒక నీరసమైన పొర ఏర్పడతాయి. కదలకుండా పెట్టిన భాగంపై చారలు చారలుగా శుభ్రమవడానికి కారణం ఇదే. మంచి జనరేటర్లు ఫ్రీక్వెన్సీని అటూ ఇటూ 1–2 కిలోహెర్ట్జ్ ఊపుతూ ఈ పొరలను చెరిపేస్తాయి. దానికి తోడు బాస్కెట్‌ను నిమిషానికి కొన్ని సార్లు 25 నుంచి 50 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడించాలి.

భాగం పూర్తిగా మునగాలి, పైన కనీసం 25 మిల్లీమీటర్ల ద్రవం ఉండాలి. అడుగు రేకు మీద ఏదీ పెట్టకూడదు. పెడితే ఆ భాగం, అడుగు రేకు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. అడుగున పేరుకున్న రజను కూడా అదే పని చేస్తుంది, కంపించే రేకు మీద ఇసుక పోసి రుద్దినట్టు. రోజూ అడుగు శుభ్రం చేయని ట్యాంకు ముందుగా బూడిదరంగు మచ్చలు, తర్వాత గుంతలు, చివరికి చిల్లి చూపిస్తుంది. ద్రవం మట్టం తగ్గినా నడపకూడదు, భారం లేని ట్రాన్స్‌డ్యూసర్ వేడెక్కి అతుకు ఊడుతుంది.

బాస్కెట్ 6 మిల్లీమీటర్లకు మించిన కన్నులున్న స్టెయిన్‌లెస్ తీగ వలతో ఉండాలి. చిన్న చిన్న చిల్లులున్న రేకు డబ్బా, ప్లాస్టిక్ బుట్ట శబ్దాన్ని ఆపేస్తాయి లేదా మింగేస్తాయి. మెత్తని సిలికాన్ చాప పరిస్తే భాగాలకు రక్షణే గానీ శుభ్రత మాత్రం సగమవుతుంది. నాజిల్ బాడీలను కుప్పగా పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. సెకనుకు 40,000 సార్లు వణికే ఉక్కు భాగాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటే, మైక్రాన్ల లెక్కన ల్యాప్ చేసిన సీటింగు మీద గీతలు పడతాయి. ఒక్కోదానికి ఒక్కో గూడు ఉన్న తీగ ఫిక్స్చర్‌లో, మొన కిందికి, కాస్త ఏటవాలుగా నిలబెట్టాలి. భాగాల మొత్తం బరువు ట్యాంకులోని ద్రవం బరువులో సగానికి మించకూడదు.

శక్తి సంగతి. చిన్న ట్యాంకులో లీటరుకు 30–50 వాట్లు, 40 లీటర్లదానిలో 15–25, చాలా పెద్దవాటిలో 10 లోపు మామూలు. మరీ ఎక్కువ పెంచితే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం దగ్గరే బుడగల మబ్బు దట్టంగా పట్టి, శబ్దం పైకి రాకుండా అదే అడ్డుకుంటుంది. అడుగున ఉధృతం, పైన నిశ్శబ్దం.

ట్యాంకు అంతటా సమానంగా పని చేస్తోందా అన్నదానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ చాలు. ట్యాంకు వెడల్పంత ముక్క కోసి, ముడతలు లేకుండా నిలువుగా వేలాడదీసి, అడుగుకు తగలకుండా 30 నుంచి 60 సెకన్లు నడపాలి. చిన్న చిల్లులు, గుంతలు అంతటా పరుచుకొని ఉంటే మంచిది. ఒకచోట నున్నగా మిగిలిపోతే దాని కింది ట్రాన్స్‌డ్యూసర్ అతుకు వదిలిందేమో చూడాలి. ఈ పరీక్ష క్షార ద్రావణంలో చేయకూడదు. క్షారమే ఫాయిల్‌ను తినేస్తుంది, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. డీగ్యాస్ చేసిన మామూలు నీటిలో రెండు చుక్కల తటస్థ సబ్బు వేసి చేయాలి. యంత్రం కొన్న రోజున తీసిన ఫాయిల్‌ను తేదీ రాసి దాచుకుంటే, తర్వాత ప్రతి నెలా పోల్చుకోవడానికి అదే కొలత. పరీక్ష అయ్యాక నీరు మార్చేయాలి, ఫాయిల్ తునకలు నాజిల్‌లోకి చేరకూడదు కదా.

ఊడిన మురికి ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్న వేయకపోవడం వల్లే ఎక్కువ లైన్లు విఫలమవుతాయి. ట్యాంకులో ఊడిన నూనె పైకి తేలి పొర కడుతుంది. బాస్కెట్‌ను పైకి లేపినప్పుడు శుభ్రమైన భాగాలు ఆ పొరను చీల్చుకుంటూ వస్తాయి, ఊడిన నూనె మళ్లీ పూతగా అంటుకుంటుంది. లోపల ఎంత బాగా కడిగినా ఈ ఒక్క క్షణంలో శ్రమంతా వృథా. నూనెను విడదీసి తేల్చే రకం డిటర్జెంట్ వాడి, పైమట్టం అంచు మీదుగా పక్క గదిలోకి పొర్లించి, అక్కడ నూనెను తీసేయాలి. రేణువుల కోసం 5 నుంచి 10 మైక్రాన్ల ఫిల్టర్ గుండా ద్రావణాన్ని తిప్పాలి. అయితే పంపు గాలి పీలిస్తే డీగ్యాసింగ్ వృథా అవుతుంది కాబట్టి కంపనం నడిచేటప్పుడు ప్రవాహాన్ని తగ్గించి, బాస్కెట్లు మార్చే విరామంలో పెంచడం మంచిది. అసలు మొద్దు మురికిని ఈ ట్యాంకు దాకా రానివ్వకూడదు. ముందు 60 డిగ్రీల స్ప్రేలో నూనె, లోహపు తునకలు వదిలించుకొని రావాలి.

తర్వాత రిన్స్, అంటే నీళ్లలో కడగడం. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 3 శాతం డిటర్జెంట్ ట్యాంకు నుంచి లేచిన బాస్కెట్ తనతో 100 మిల్లీలీటర్ల ద్రావణాన్ని మోసుకొస్తుందనుకుందాం. రిన్స్ ట్యాంకు 50 లీటర్లు, నీరు మార్చడం లేదు. ఒక్కో బాస్కెట్‌కు డిటర్జెంట్ 60 పీపీఎం (పది లక్షల వంతుల్లో 60 వంతులు) పెరుగుతుంది. 20 బాస్కెట్లకు 1,200 పీపీఎం, అంటే 0.12 శాతం. అది ఇక రిన్స్ నీరు కాదు, పలచని సబ్బు నీరు. అదే పరిమాణంలో రెండో రిన్స్ ట్యాంకు పెడితే, 20 బాస్కెట్ల తర్వాత అందులో 25 పీపీఎం మాత్రమే ఉంటుంది. మొదటి ట్యాంకును రెట్టింపు చేయడం కన్నా రెండోది పెట్టడం ఎన్నో రెట్లు మేలు. కొత్త నీటిని చివరి ట్యాంకులో వదిలి, పొర్లిన నీటిని ముందుదానికి పంపితే నీరూ ఆదా అవుతుంది.

చివరి రిన్స్‌కు బోరు నీరు పనికిరాదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీటి బొట్టు 0.1 మిల్లీలీటరు ఆరిపోతే 0.05 మిల్లీగ్రాముల తెల్లటి మచ్చ మిగులుతుంది. 25 మైక్రాన్ల ఉక్కు రేణువులు దాదాపు 780 కలిపితే అంత బరువు. రేణువులన్నీ వదిలించుకొని ఉప్పు పూసుకున్నట్టు! లవణాలు తీసేసిన డీఎం నీరు వాడి, దాని కండక్టివిటీ (విద్యుత్ వాహకత) సెంటీమీటరుకు 5–10 మైక్రోసీమెన్స్ దాటగానే మార్చాలి. ఈ ట్యాంకులోనే 80 లేదా 132 కిలోహెర్ట్జ్ కంపనం పెడితే సన్న రేణువులకు ఆఖరి అవకాశం. ఉక్కు అయితే అర శాతం నుంచి ఒక శాతం తుప్పు నిరోధకం కూడా కలపాలి. నూనె పూర్తిగా పోయిన ఉక్కుకు రక్షణ ఉండదు, తడిగా నిమిషాలు వదిలితే చాలు, ఎర్రటి మచ్చలు వచ్చేస్తాయి.

ఆరబెట్టడంలో వేడి గాలి బయటి ముఖం వరకే పని చేస్తుంది. నాజిల్ లోపలి గదిలోని నీరు వేడి గాలికి కదలదు. ముందు వడగట్టిన, నూనె లేని గాలితో ఊది, తర్వాత వాక్యూమ్ ఛాంబర్‌లో పెట్టాలి. 50 మిల్లీబార్ల పీడనంలో నీరు 33 డిగ్రీలకే మరుగుతుంది. 70–80 డిగ్రీలకు వేడెక్కి వచ్చిన భాగంలో మిగిలిన నీరు అక్కడికక్కడే ఆవిరైపోతుంది. భాగం చల్లగా వచ్చిందో, ఆవిరవుతున్న నీరే దాని వేడిని లాగేసి మరుగుడు ఆగిపోతుంది. అందుకే చివరి రిన్స్‌ను వేడిగా ఉంచడం ఆరబెట్టడంలో భాగమే.

ట్యాంకులో వేయకూడనివి

ఎలక్ట్రానిక్ బోర్డుల మీద 32.768 కిలోహెర్ట్జ్ గడియార క్రిస్టల్ ఉంటుంది. అది చిన్న శ్రుతిదండం, ట్యాంకు కంపనానికి దగ్గరి లయలోనే ఊగుతుంది. విరిగిపోయే ప్రమాదం నిజమైనదే. మెమ్స్ గైరోస్కోపులు (చిప్‌లో కదిలే అతి సూక్ష్మ భాగాలున్న సెన్సర్లు), మూత లేని సన్నని బంగారు తీగల అతుకులు కూడా అంతే. రాళ్లలో ముత్యం, పగడం, ఓపల్, నూనె పట్టించిన పచ్చ వేయకూడదు. హైదరాబాద్ ముత్యాల హారం కొన్నవాళ్లు దుకాణంలోని చిన్న ట్యాంకులో వేయమని అడగకుండా, తడి మెత్తని గుడ్డతో తుడుచుకోవడమే క్షేమం. ముత్యం పొరలు పొరలుగా కట్టిన కాల్షియం కార్బొనేట్, అంత దెబ్బకు తట్టుకునే వస్తువు కాదు. నడుస్తున్న ట్యాంకులో చేయి పెట్టడం ఎవరికీ మంచిది కాదు, ఎముకల దాకా నొప్పి తెలుస్తుంది. 25 కిలోహెర్ట్జ్ యంత్రం సగం ఫ్రీక్వెన్సీలో, అంటే 12.5 దగ్గర, చెవికి వినిపించే శబ్దం చేస్తుంది కాబట్టి మూత వేసి నడపాలి.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది?

నూనె పోయిందో లేదో తెలుసుకోవడానికి శుద్ధమైన నీరు పోసి చూడాలి. అర నిమిషం పాటు నీటి పొర తెగకుండా నిలిస్తే నూనె లేదు, ముత్యాల్లా బొట్లుగా విడిపోతే ఉంది. సర్ఫెక్టెంట్ మిగిలి ఉంటే మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది, నూనె ఉన్నా నీరు పరుచుకుంటుంది. కాబట్టి రిన్స్ సరిగ్గా అయ్యాకే చేయాలి.

రేణువుల లెక్కకు వాహన పరిశ్రమలో ఐఎస్ఓ 16232, జర్మన్ వీడీఏ 19 అనే ప్రమాణాలు ఉన్నాయి. భాగాన్ని శుభ్రమైన ద్రవంతో మళ్లీ కడిగి, ఆ ద్రవాన్ని 5 మైక్రాన్ల వడపోత పొర గుండా పంపి, పొరను తూచి, మైక్రోస్కోపు కింద రేణువులను పరిమాణాల వారీగా లెక్కపెడతారు. ఈ పద్ధతి నమ్మదగినదేనా అని ముందు తేల్చుకోవడానికి ఒకే భాగాన్ని వరుసగా కడుగుతూ పోతారు. చివరి కడుగులో వచ్చిన మురికి అప్పటివరకూ వచ్చిన మొత్తంలో 10 శాతానికి దిగాలి.

కొన్నిసార్లు అది దిగదు. ఆరు సార్లు కడిగినా ప్రతిసారీ అంతే రేణువులు వస్తుంటాయి. ముఖ్యంగా పోత భాగాలు, మెత్తని లోహాలు, పూత పూసినవి ఇలా చేస్తాయి. ఇంకా శుభ్రం కాలేదనుకొని సమయం పెంచితే రేణువులు ఇంకా పెరుగుతాయి. అప్పుడు ఆ వడపోత పొర మీద ఉన్నది బయటి నుంచి అంటుకున్న మురికి కాదు, ఆ భాగం సొంత లోహమే. రేణువులను మైక్రోస్కోపు కింద చూస్తే గ్రైండింగ్ రజనులా మెలికలు తిరిగి ఉండవు. అక్కడ శక్తిని సగానికి తగ్గించి, ఫ్రీక్వెన్సీని ఒక మెట్టు పెంచి, కడిగే సమయం 5 నిమిషాలైతే దాన్ని 2కు కుదించి, అదే పరీక్షను మొదటి కడుగు నుంచి మళ్లీ చేయాలి.